కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. ఈమధ్య వచ్చిన అప్‌డేట్‌తో కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే ఉబుంటు మూల ప్రోగ్రామ్) 6.11 నుంచి 6.14కి మారింది. అప్పటి నుంచి పది పదిహేను నిమిషాలకోసారి వైఫై ఆగిపోతోంది. సిగ్నల్ గుర్తు నిండుగానే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే వస్తుంది. అదే గదిలో ఫోన్లకు ఏ ఇబ్బందీ లేదు. కార్డు రియల్‌టెక్ 8821సీఈ అని చూపిస్తోంది. మొదట్లో 22.04 ఉన్నప్పుడు మా తమ్ముడు ఏదో వైఫై డ్రైవర్ విడిగా వేశాడు. పక్క ఫ్లాట్ వాళ్లు నేవీ రాడార్ల వల్లే అంటున్నారు. ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే కార్డు మార్చాలన్నారు. ఉబుంటు మొత్తం తీసేసి మళ్లీ వేయాలా?

సమాధానం: వద్దమ్మా. ఉబుంటు మళ్లీ వేయనక్కర్లేదు, కార్డు మార్చడానికి ఇప్పుడే డబ్బు పెట్టనక్కర్లేదు. మళ్లీ వేసినా అప్‌డేట్లు పూర్తయ్యేసరికి కొత్త కెర్నెలే వచ్చి కూర్చుంటుంది, సమస్య కూడా దానితోపాటే రావచ్చు.

మీ ఉత్తరంలోనే మూడు ఆధారాలున్నాయి. గొడవ మొదలైంది అప్‌డేట్ తర్వాత. అదే గదిలో ఫోన్లు బాగానే ఉన్నాయి. ఆపి ఆన్ చేస్తే చాలు, నెట్ తిరిగి వస్తోంది. ఈ మూడూ కలిపి చూస్తే తప్పు రూటర్‌లోనో గాలిలోనో ఉన్నట్టు లేదు, ల్యాప్‌టాప్‌లో కార్డును నడిపే డ్రైవర్ దగ్గర ఉన్నట్టుంది. రాడార్ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లలో రాడార్ లాంటి సంకేతం వినిపిస్తే రూటర్ ఆ ఛానెల్ వదిలి వెళ్లాలన్న నియమం ఉంది. కానీ అలా వెళ్లినప్పుడు ఆ రూటర్ మీదున్న ఫోన్లకూ నెట్ తెగుతుంది, మీ ఒక్క ల్యాప్‌టాప్‌కే కాదు. కైలాసగిరి మీదున్న వాతావరణ రాడార్‌ను కూడా కొందరు అనుమానిస్తారు. అది పనిచేసేది ఎస్ బ్యాండ్‌లో, 5 గిగాహెర్ట్జ్ జోలికే రాదు.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి నెట్ వస్తోందో లేదో చూసుకోండి. రేపు ఏ మార్పు వికటించి వైఫై పూర్తిగా పోయినా, ప్యాకేజీలు దించుకోవడానికి ఈ దారి ఉంటుంది. రెండోది, కింది ఆదేశాలను చదివే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఖాళీలు, అడ్డగీత, కిందగీత, సమానం గుర్తు ఎక్కడ ఎలా ఉన్నాయో అక్కడ అలాగే ఉండాలి. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాం.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది పాత కెర్నెల్‌తో ఒకసారి నడిపి చూడటం. చాలామంది ఇది వదిలేసి, ఎక్కడో చూసిన నాలుగు ఆదేశాలు వరసగా కొట్టేస్తారు. తర్వాత బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, పాడైనా దేనివల్ల పాడైందో తెలియదు. ఉబుంటు మామూలుగా కొత్త కెర్నెల్‌తోపాటు దాని ముందుదాన్ని కూడా ఉంచుతుంది, కాబట్టి 6.11 మీ దగ్గర ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, కంపెనీ లోగో కనబడగానే ఎస్కేప్ మీట ఒకసారి నొక్కండి. ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. ఎక్కువసార్లు నొక్కితే మెనూ బదులు ఉత్త నల్ల తెర మీద గ్రబ్ అన్న మాట వచ్చి ఆగుతుంది. కంగారు పడకండి, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి మళ్లీ మొదలుపెట్టండి. మెనూలో రెండో వరుస, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు, లోపలికి వెళ్తే కెర్నెళ్ల జాబితా ఉంటుంది. 6.11 ఉన్న వరుసల్లో రికవరీ మోడ్ అని లేనిదాన్ని ఎంచుకోండి. తెర వచ్చాక ఏ కెర్నెల్‌లో ఉన్నారో ఖాయం చేసుకోవడానికి:

యునేమ్ -ఆర్

ఇక్కడ మొదటి మాట యు, ఎన్, ఎ, ఎం, ఈ అనే ఐదు అక్షరాలు. జవాబు 6.11తో మొదలైతే సరైన చోటే ఉన్నారు. ఇప్పుడు రోజూ చేసే పనే చేయండి, వీడియో మీటింగ్ కూడా పెట్టండి. పది పదిహేను నిమిషాలకోసారి ఆగేది రెండు గంటలు ఆగకుండా నడిచిందంటే కెర్నెల్ మార్పే కారణమని తేలినట్టే. జాబితాలో 6.11 లేకపోతే సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ లినక్స్-జెనెరిక్ అని కొట్టండి. 24.04 పుట్టినప్పటి 6.8 కెర్నెల్ దిగుతుంది, దానితో పరీక్షించవచ్చు.

పాత కెర్నెల్‌లోనూ అలాగే ఆగిపోతే దారి మారుతుంది. కెర్నెల్‌తోపాటు అదే రోజు ఇంకేం మారాయో చూడాలి. /వార్/లాగ్/ఏపీటీ ఫోల్డర్‌లో హిస్టరీ.లాగ్ అనే ఫైల్ తెరిస్తే తేదీలవారీగా ప్యాకేజీల పేర్లుంటాయి. అందులో లినక్స్-ఫర్మ్‌వేర్ కనబడితే మొదటి అనుమానం దానిమీదే పెట్టుకోండి. కార్డు లోపలి చిన్న ప్రాసెసర్‌లో నడిచే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. అది కెర్నెల్‌లో భాగం కాదు, విడి ప్యాకేజీగా వస్తుంది. అందుకే పాత కెర్నెల్‌కు వెళ్లినా కొత్త ఫర్మ్‌వేరే నడుస్తుంది. ఫర్మ్‌వేర్ కూడా మారలేదని తేలితే అప్పుడు కార్డు యాంటెన్నా తీగలు చూపించడంలో అర్థముంది. కార్డు మీద గుండ్రంగా, మినపగింజంత ఉండే కనెక్టర్లకు ఆ తీగలు నొక్కి బిగించి ఉంటాయి. ఒకటి వదులైనా, ఉప్పుగాలికి చిలుము పట్టినా సిగ్నల్ ఎప్పుడూ తక్కువే ఉంటుంది. మీకు గుర్తు నిండుగా ఉందంటున్నారు కాబట్టి ఇది మీ విషయం కాకపోవచ్చు.

ఇక 6.14లోకి తిరిగి వచ్చి, ఆగిపోయే క్షణంలో లోపల ఏం జరుగుతోందో కళ్లారా చూద్దాం. ముందు ల్యాప్‌టాప్ లోపల మీ వైఫై కార్డుకున్న పేరు, రూటర్ చిరునామా తెలుసుకోండి. ఐడబ్ల్యూ డెవ్ అని కొడితే ఇంటర్‌ఫేస్ అనే మాట పక్కన డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లాంటి పేరు కనబడుతుంది. మీ దగ్గర అంకెలు వేరుగా ఉండొచ్చు, ఇకమీదట మీ పేరే వాడండి. ఐపీ రూట్ అని కొడితే డిఫాల్ట్ వయా తర్వాత వచ్చేది రూటర్ చిరునామా. చాలా రూటర్లలో అది 192.168.1.1, జియోఫైబర్ వాళ్లకు 192.168.29.1. రెండు టెర్మినళ్లు పక్కపక్కనే తెరవండి. ఒకదాంట్లో:

పింగ్ 192.168.1.1

రెండోదాంట్లో:

సుడో జర్నల్‌సీటీఎల్ -కె -ఎఫ్

పింగ్ అంటే చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూపే ఆదేశం. దాన్ని పెట్టింది ఇంట్లో రూటర్‌కే, బయటి వెబ్‌సైట్‌కు కాదు. బయటికి పెడితే ఫైబర్ లైన్ తప్పో వైఫై తప్పో విడదీయలేం. వైఫై ఆరోగ్యంగా ఉంటే ఒకే గదిలో జవాబు రెండు నుంచి పది మిల్లీసెకన్లలో వస్తుంది. వచ్చే అంకెలను కొంతసేపు ఊరికే చూస్తూ ఉండండి. 3, 4, 3, 97, 5, 204, 101 ఇలా మధ్యమధ్యలో వందకో రెండువందలకో అటూఇటూగా ఎగిరితే అది విద్యుత్ పొదుపు లక్షణం. రూటర్ మామూలుగా 102.4 మిల్లీసెకన్లకోసారి తన ఉనికి చాటే బీకన్ పంపుతుంది. పొదుపు మోడ్‌లో ఉన్న కార్డు మధ్యలో నిద్రపోయి, బీకన్ వేళకు లేచి, తన కోసం రూటర్ దాచిపెట్టిన డేటా ఉందేమో అడిగి తీసుకుంటుంది. అందుకే ఆలస్యం బీకన్ల లెక్కన పెరుగుతుంది. ఇంతవరకు పెద్ద తప్పు కాదు. నిద్రపోయిన కార్డు లేవమన్నా లేవకపోవడమే తప్పు. ఆ క్షణంలో పింగ్ నిలిచిపోతుంది, పక్క టెర్మినల్‌లో కెర్నెల్ సందేశాలు కురుస్తాయి.

మీ కార్డుకు సంబంధించి చూడాల్సిన సందేశాలు ఇవి: ఫర్మ్‌వేర్ ఫెయిల్డ్ టు లీవ్ ఎల్‌పీఎస్ స్టేట్, ఫెయిల్డ్ టు సెండ్ హెచ్2సీ కమాండ్, ఫెయిల్డ్ టు గెట్ టీఎక్స్ రిపోర్ట్ ఫ్రమ్ ఫర్మ్‌వేర్. మొదటిది నిద్ర నుంచి బయటికి రాలేదని సూటిగా చెప్పేది. రెండోది కంప్యూటర్ పంపిన ఆదేశాన్ని కార్డు అందుకోలేదని, మూడోది పంపించిన డేటా సంగతి కార్డు తిరిగి చెప్పలేదని. మూడూ ఒకే ఇంటివే. వీటి బదులు డీఆథెంటికేటెడ్ ఫ్రమ్ అని రూటర్ చిరునామాతో వస్తే, బయటికి పంపింది రూటర్ అన్నమాట, అప్పుడు రూటర్ సెట్టింగులు చూడాలి. ఏ సందేశమూ లేకుండా పింగ్ ఒక్కటే ఆగితే అదీ రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సరిదిద్దడానికి ముందు మీ తమ్ముడు వేసిన డ్రైవర్ సంగతి తేల్చాలి, ఎందుకంటే ఏ డ్రైవర్ నడుస్తోందో తెలియకుండా దాని సెట్టింగులు మార్చడం వృథా. 8821సీఈకి కెర్నెల్‌లో సొంత డ్రైవర్ లేని కాలంలో అందరూ విడి డ్రైవర్ తెచ్చి డీకేఎంఎస్ (విడి డ్రైవర్‌ను ప్రతి కెర్నెల్‌కూ తయారుచేసే సాధనం) ద్వారా వేసుకునేవారు. 5.9 కెర్నెల్ నుంచి లోపలే డ్రైవర్ ఉంది, దాని పేరు ఆర్‌టీడబ్ల్యూ88. అలాంటి విడి డ్రైవర్ మీ దగ్గర ఇంకా మిగిలి ఉంటే, కెర్నెల్ మారినప్పుడల్లా అది మళ్లీ కంపైల్ కావాలి, అంటే కోడ్ నుంచి కొత్తగా తయారు కావాలి. హెడర్స్ ప్యాకేజీ లేకపోయినా, కొత్త కెర్నెల్‌కు ఆ పాత కోడ్ సరిపోకపోయినా కంపైల్ ఆగిపోతుంది. సంతకం సరిపోయిన కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, కంపైల్ అయినా సంతకం చెల్లక లోడ్ కాకపోవచ్చు. ఈ రెండు ఆదేశాలు కొట్టండి:

డీకేఎంఎస్ స్టేటస్
ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కె

మొదటిదాంట్లో 8821సీఈ పేరుతో ఏదైనా వరుస వస్తే పాత డ్రైవర్ ఉన్నట్టే. డీకేఎంఎస్ అనే కమాండే లేదని వస్తే అసలు లేనట్టే. రెండోదాంట్లో నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్నచోట 10ఈసీ:సీ821 అనే గుర్తింపు సంఖ్య, దాని కింద కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే వరుస ఉంటాయి. అక్కడ పేరు ఆర్‌టీడబ్ల్యూతో మొదలైతే కెర్నెల్ సొంత డ్రైవర్ నడుస్తోంది. ఆర్‌టీఎల్8821సీఈ అని గాని, ఉత్త 8821సీఈ అని గాని ఉంటే విడి డ్రైవర్.

మా మాట వింటే విడి డ్రైవర్ తీసేయండి. ఉబుంటు ప్యాకేజీగా వేసి ఉంటే సుడో ఏపీటీ పర్జ్ ఆర్‌టీఎల్8821సీఈ-డీకేఎంఎస్ సరిపోతుంది. వేరే చోటి నుంచి దించి వేసి ఉంటే డీకేఎంఎస్ స్టేటస్ చూపించిన పేరు, వెర్షన్ సంఖ్యలతో సుడో డీకేఎంఎస్ రిమూవ్ పేరు/వెర్షన్ --ఆల్ అని తీయాలి. ఆ తర్వాత /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లోని ఫైళ్లలో బ్లాక్‌లిస్ట్ ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ అనే వరుస ఉందేమో తప్పక వెతకండి. విడి డ్రైవర్ వేసేటప్పుడు కెర్నెల్ డ్రైవర్ అడ్డు రాకుండా ఆ వరుస రాస్తారు. డ్రైవర్ తీసి ఆ వరుసను వదిలేస్తే రెండు డ్రైవర్లూ లేక వైఫై పూర్తిగా మాయమవుతుంది, చాలామంది కార్డు కాలిపోయిందనుకునేది ఇక్కడే. ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు విద్యుత్ పొదుపు. ఇది ఒక్క స్విచ్ కాదు, మూడు అంతస్తుల్లో ఉంటుంది. ఒకటి ఉబుంటులో నెట్ సంగతి చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ప్రోగ్రామ్ పెట్టే వైఫై పొదుపు, ఇందాక బీకన్ల లెక్క చెప్పింది దీని గురించే. రెండు డ్రైవర్ చేసే గాఢనిద్ర, ఎల్‌పీఎస్ డీప్ అంటారు, ఇందులో కార్డు లోపలి భాగాలు చాలావరకు ఆరిపోతాయి. మూడు కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్యనున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకునే పడుకోబెట్టే ఏఎస్‌పీఎం. కెర్నెల్ మారినప్పుడు డ్రైవర్ కోడ్‌తోపాటు ఈ నిద్రల తీరు కూడా మారవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్ బోర్డుల మీద 8821సీఈ ఏఎస్‌పీఎంతో సరిగా ఇమడదు. మూడింటినీ ఒకేసారి ఆపకండి. ఒక్కోటి ఆపి, ఒక పూట పని చేసి, ఫలితం చూసి ముందుకెళ్లండి.

మొదటి అంతస్తు, ఉత్త పరీక్ష కోసం:

సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 సెట్ పవర్_సేవ్ ఆఫ్

వెంటనే అమల్లోకి వస్తుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది. పింగ్ అంకెలు అక్కడికక్కడే చదునవడం చూస్తారు. అలా చదునై, ఆగిపోవడం కూడా మానేస్తే దీన్ని శాశ్వతం చేయండి. /ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డి ఫోల్డర్‌లో డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్.కాన్ఫ్ అనే ఫైల్ ఉంటుంది. ఆ ఫోల్డర్ పేరు నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఎన్, ఎం పెద్ద అక్షరాలు. ఫైల్‌ను సుడో నానోతో (టెర్మినల్‌లోనే ఫైళ్లు దిద్దే ఎడిటర్) తెరిచి, వైఫై.పవర్‌సేవ్ = 3 అని ఉన్నచోట 3 తీసి 2 పెట్టండి. 3 అంటే పొదుపు ఆన్, 2 అంటే ఆఫ్. 0 పెడితే ఆగిపోతుందనుకుని కొందరు 0 పెడతారు. దానికర్థం డిఫాల్ట్ ఏముంటే అది వాడమని, ఆపమని కాదు. సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి.

దానితో తగ్గకపోతే మూడో అంతస్తుకు, అంటే ఏఎస్‌పీఎంకు, రెండోదానికన్నా ముందే వెళ్లమంటాం. మీ కార్డు విషయంలో మొండి కేసులు ఎక్కువగా అక్కడే తేలతాయి. డ్రైవర్‌కు చెప్పాల్సిన మాటలను ఒక కొత్త ఫైల్‌లో రాయాలి. అక్షరం తప్పితే కెర్నెల్ ఆ మాటను పట్టించుకోకుండా దాటేస్తుంది, పని జరగలేదని మీకు తెలియదు. కాబట్టి ముందు సరైన పేరు మీ మెషీన్‌నే అడగండి:

మోడ్‌ఇన్ఫో -పి ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ
మోడ్‌ఇన్ఫో -పి ఆర్‌టీడబ్ల్యూ88_కోర్

మొదటిదాంట్లో డిజేబుల్_ఏఎస్‌పీఎం, రెండోదాంట్లో డిజేబుల్_ఎల్‌పీఎస్_డీప్ కనబడతాయి. ఆ స్పెల్లింగులనే కాపీ చేసుకోండి. తర్వాత సుడో నానో /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి/ఆర్‌టీడబ్ల్యూ88.కాన్ఫ్ అని కొట్టి, తెరుచుకున్న ఖాళీ ఫైల్‌లో ఒక్క వరుస రాయండి:

ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిజేబుల్_ఏఎస్‌పీఎం=1

కంట్రోల్-ఓ, ఎంటర్, కంట్రోల్-ఎక్స్. ఇప్పుడు రీస్టార్ట్ కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను ఒక పదిహేను సెకన్లు అదిమిపట్టి వదిలి, మళ్లీ ఆన్ చేయండి. రీస్టార్ట్‌లో కార్డుకు కరెంటు పూర్తిగా పోకపోవచ్చు, చిక్కుబడిన ఫర్మ్‌వేర్ అలాగే చిక్కుబడి ఉండొచ్చు. తిరిగి వచ్చాక, రాసింది అమలైందో లేదో చూసుకోవడానికి:

క్యాట్ /సిస్/మాడ్యూల్/ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ/పారామీటర్స్/డిజేబుల్_ఏఎస్‌పీఎం

జవాబు పెద్ద వై అయితే అమలైంది. ఎన్ అయితే ఫైల్‌లో ఎక్కడో అక్షరం తప్పింది. ఇది సరిపోతే, నెట్‌వర్క్‌మేనేజర్ ఫైల్‌లో ఇంతకుముందు 2 పెట్టి ఉంటే అది తీసి మళ్లీ 3 పెట్టేయండి, అనవసరంగా ఆపిన పొదుపు తిరిగి వస్తుంది. సరిపోకపోతే అదే ఫైల్‌లో రెండో వరుసగా ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_కోర్ డిజేబుల్_ఎల్‌పీఎస్_డీప్=1 చేర్చి మళ్లీ పూర్తి షట్‌డౌన్ నుంచి మొదలుపెట్టండి. బ్యాటరీ కొంచెం ముందుగా అయిపోతుంది. మీటింగ్ మధ్యలో నెట్ పోవడంతో పోలిస్తే అది ఒప్పుకోదగ్గ ఖర్చే.

ఈ పరీక్షల మధ్యలో వైఫై నిలిచిపోయి, ఆపి ఆన్ చేసినా రాకపోతే మొత్తం రీస్టార్ట్ చేయనక్కర్లేదు. సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ అని డ్రైవర్‌ను దించి, ఐదు సెకన్లాగి, -ఆర్ లేకుండా అదే ఆదేశంతో ఎక్కించండి. మూత వేసి తీశాక వైఫై రాని వాళ్లకు కూడా ఇదే పనిచేస్తుంది.

కార్డు వేరేదైతే ఫైల్‌లో రాసేదే మారుతుంది, పద్ధతి ఒకటే. రియల్‌టెక్ 8852 వరుస కార్డులకు డ్రైవర్ ఆర్‌టీడబ్ల్యూ89. అక్కడ ఆర్‌టీడబ్ల్యూ89_పీసీఐకి డిజేబుల్_ఏఎస్‌పీఎం_ఎల్1=1, డిజేబుల్_ఏఎస్‌పీఎం_ఎల్1ఎస్ఎస్=1 అని రెండూ ఒకే వరుసలో ఇవ్వాలి. మీడియాటెక్ 7921కి ఎంటీ7921ఈ డిజేబుల్_ఏఎస్‌పీఎం=1. ఇంటెల్ కార్డులకు ఐడబ్ల్యూఎల్ఎంవీఎం పవర్_స్కీమ్=1. ఒకరి కార్డు వరుస ఇంకొకరు రాసుకుంటే నష్టం లేదుగాని లాభమూ లేదు.

రూటర్ వైపు ఒక్క పని చేస్తే చాలు. 5 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ను ఆటో నుంచి తీసి 36, 40, 44, 48లలో ఒకటి గాని, 149 నుంచి 161 లోపు ఒకటి గాని పెట్టండి. ఇవి రాడార్ నియమం లేని ఛానెళ్లు. రాడార్ ఛానెళ్లలో రూటర్ ఆన్ అయిన ప్రతిసారీ కనీసం 60 సెకన్లు విని గాని ప్రసారం మొదలుపెట్టకూడదు. కరెంటు పోయి వచ్చాక 5 గిగాహెర్ట్జ్ పేరు ఆలస్యంగా కనబడేది అందుకే. ఎంవీపీ కాలనీ లాంటి చోట, గోడకు గోడ ఆనుకున్న ఫ్లాట్లలో, 2.4 గిగాహెర్ట్జ్ మీద మీటింగులు పెట్టకపోవడమే మంచిది. పైగా 8821సీఈలో బ్లూటూత్, వైఫై ఒకే చిప్‌లో ఉంటాయి. 2.4లో ఉండగా బ్లూటూత్ హెడ్‌సెట్ పెడితే రెండూ ఒకే గాలిని వంతులవారీగా పంచుకోవాలి. మీ వైఫై ఆగేది హెడ్‌సెట్ పెట్టినప్పుడేనా అన్నది కూడా గమనించండి.

ఇన్ని చేసినా 6.14లో కుదుటపడకపోతే కొన్నాళ్లు కెర్నెల్ వెనక్కి వెళ్లండి. కానీ వెళ్లేది 6.11కి కాదు, 6.8కి. మీది కొత్త హార్డ్‌వేర్ కోసం కెర్నెల్‌ను ఎప్పటికప్పుడు మార్చే హెచ్‌డబ్ల్యూఈ దారి. ఆ దారిలో 6.14 రాగానే 6.11కి భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయి. 6.8 అలా కాదు, 24.04 మొదటి కెర్నెల్ కాబట్టి 2029 దాకా దానికి అప్‌డేట్లు ఉంటాయి. ఆఫీసు పని చేసే మెషీన్‌లో అప్‌డేట్లు ఆగిన కెర్నెల్ నెలల తరబడి నడపడం మేం ఒప్పుకోం.

పైన చెప్పిన లినక్స్-జెనెరిక్ వేస్తే 6.8 వస్తుంది, అయితే గ్రబ్ తనంతట తాను పెద్ద నంబరునే ఎంచుకుంటుంది కాబట్టి మళ్లీ 6.14లోకే వెళ్తారు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్ తెరిచి గ్రబ్_డిఫాల్ట్=సేవ్‌డ్, గ్రబ్_సేవ్‌డిఫాల్ట్=ట్రూ, గ్రబ్_టైమౌట్_స్టైల్=మెనూ, గ్రబ్_టైమౌట్=5 అని నాలుగు వరుసలు ఉండేలా చూడండి. సమానం గుర్తుకు ఎడమవైపువన్నీ పెద్ద అక్షరాలు, కుడివైపువి చిన్నవి. ఉన్న వరుసలను మార్చండి, లేనివి చేర్చండి. తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్. అప్పుడు మెనూలో ఒకసారి 6.8 ఎంచుకుంటే తర్వాత కూడా అదే ఎక్కుతుంది. ఒక్క జాగ్రత్త, 6.8కే కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు గ్రబ్ మీరు ముందు ఎంచుకున్న పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. కాబట్టి అప్‌డేట్ అయిన ప్రతిసారీ మెనూలోకి వెళ్లి, 6.8లలో చివరి అంకె పెద్దగా ఉన్నదాన్ని మళ్లీ ఎంచుకోవాలి.

కెర్నెల్ ప్యాకేజీలను ఏపీటీ-మార్క్ హోల్డ్ పెట్టి ఆపేయమని చాలాచోట్ల సలహా ఇస్తారు. అలా ఆపితే వైఫై లోపంతోపాటు దాన్ని సరిచేసే కొత్త కెర్నెల్ కూడా మీ దాకా రాదు. హోల్డ్ పెట్టక తప్పకపోతే ఏపీటీ-మార్క్ షోహోల్డ్ కొట్టి ఏవి ఆపారో రాసిపెట్టుకుని, నెలకోసారి అన్‌హోల్డ్ చేసి చూడండి.

చివరగా, 6.14లో ఉండగానే ఉబుంటు-బగ్ లినక్స్ అని కొట్టి లోపాన్ని ఉబుంటు వాళ్లకు నివేదించండి. మెషీన్ వివరాలు అదే జతచేస్తుంది. మీరు రాయాల్సింది 6.11లో ఎంతసేపు ఆగకుండా నడిచింది, 6.14లో ఎంతసేపటికి ఆగుతోంది, ఆగిన క్షణంలో జర్నల్‌లో వచ్చిన వరుసలు, పై మూడు అంతస్తుల్లో ఏది ఆపితే ఏమైంది. ఈ నాలుగూ ఉన్న నివేదికైతే డ్రైవర్ రాసేవాళ్లు లోపం ఏ మార్పుతో వచ్చిందో వెతకడం వెంటనే మొదలుపెట్టగలరు.